వాక్యం పక్కన తేదీ

డిసెంబరు 31 అర్ధరాత్రి దాటిన వేళ మన ఊళ్లలోని అనేక చర్చిలలో ఒక ఆచారం కనబడుతుంది. ఆరాధన ముగుస్తుంది, నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పుకొంటారు, అంతలో ఒక పళ్లెం నిండా చిన్న చిన్న కార్డులు తెచ్చి వేదిక ముందు ఉంచుతారు. ఒక్కొక్కరే వచ్చి, మనసులో ప్రార్థించుకొని, చూడకుండా ఒక కార్డు తీసుకొంటారు. దాని మీద బైబిలులోని ఒక వాక్యం అచ్చయి ఉంటుంది. దానిని ‘వాగ్దానం’ అంటారు. తీసుకొన్నవారు దీపం వెలుతురులోకి వెళ్లి చదువుకొని, కళ్లకద్దుకొని, పర్సులో దాచుకొంటారు. తెల్లవారేసరికి అది బీరువా అద్దం మీదికో, దుకాణంలో గల్లాపెట్టె మీదికో చేరుతుంది. క్రైస్తవ కుటుంబాలు ఇరుగుపొరుగుగా ఉన్నవారికి ఇది తెలిసిన సంగతే. ‘ఈ యేడు మాకు మంచి వాగ్దానం వచ్చిందండీ’ అని పొరుగింటి ఇల్లాలు సంబరంగా చెప్పడం మీలో కొందరైనా విని ఉంటారు.

ఆ మాటలో ‘మంచి’ అన్న పదం దగ్గర కొంచెం ఆగుదాం. మంచి వాగ్దానం ఉన్నదంటే అంత మంచిది కానిది కూడా ఉన్నదనే కదా అర్థం! పవిత్ర గ్రంథంలోని ఒక వాక్యాన్ని మనిషి ఉదయాన్నే ఎందుకు చదువుతాడు? తనకు రేపు ఏమి జరగబోతున్నదో తెలుసుకోవడానికా? తాను ఈ రోజు ఏమి చేయాలో తెలుసుకోవడానికా? పైకి రెండూ ఒకేలా కనబడతాయి. రెండింటిలోనూ అదే గ్రంథం, అదే పుట, అదే భక్తి. కాని వాటి మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. ఆ దూరాన్ని కొలిచి చూడాలంటే, సుమారు మూడు వందల యేళ్లుగా ప్రతి ఉదయం ఒక వాక్యాన్ని చేతికందిస్తున్న ఒక చిన్న ఊరి కథ మనం తెలుసుకోవాలి.

జర్మనీ తూర్పు అంచున, సాక్సనీ రాష్ట్రంలో, చెక్, పోలండ్ సరిహద్దులకు దగ్గరగా హెర్న్‌హుట్ అనే ఊరు ఉన్నది. 1722 జూన్‌లో క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి అక్కడి అడవిలో మొదటి చెట్టు నరికాడు. మొరావియాలో తమ విశ్వాసం కారణంగా వేధింపులు పడి, ఇల్లూ వాకిలీ విడిచి సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాల కోసం అక్కడ ఇళ్లు లేచాయి. నికోలస్ జింజెండార్ఫ్ అనే ఇరవై రెండేళ్ల ప్రభువు తన జాగీరులో వారికి చోటిచ్చాడు. ఈ జింజెండార్ఫ్ బాల్యంలో హాలే నగరంలో చదువుకొన్నాడు. తొలి తెలుగు అచ్చు పుస్తకాలు 1746లో వెలువడినది ఆ హాలే నగరంలోనే అన్నది మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం. మద్రాసులో తెలుగు నేర్చుకొన్న బెంజమిన్ షుల్జ్ వాటిని అక్కడ అచ్చు వేయించాడు.

కష్టపడి వచ్చినవారందరూ కలిసిమెలిసి ఉంటారనుకోవడం సహజం. హెర్న్‌హుట్‌లో అలా జరగలేదు. వచ్చినవారు ఒక్క చోటివారు కారు, ఒక్క ఆచారంవారు కారు. ఏ పద్ధతిలో ఆరాధించాలి, ఎవరి మాట చెల్లాలి, ఎవరు నిజమైన భక్తులు అన్న వాదాలతో అయిదేళ్లలో ఊరు రెండుగా చీలే స్థితికి వచ్చింది. దేవుని కోసం ఇల్లు విడిచి వచ్చినవారు దేవుని పేరుతోనే పక్కింటివారి ముఖం చూడడం మానేశారు. ఇది ఒక్క హెర్న్‌హుట్ వారి జబ్బు కాదని మనం వేరే చెప్పుకోనక్కరలేదు. 1727 మే 12న అందరూ కలిసి బతకడానికి కొన్ని నియమాలు రాసుకొని సంతకాలు చేశారు. ఆగస్టు 13న పక్క ఊరి చర్చిలో జరిగిన ఒక ఆరాధనలో పాత పగలు కరిగిపోయాయని వారి చరిత్ర చెబుతుంది. అయితే ఒక్క రోజు కన్నీళ్లతో కలిసిన మనసులు మర్నాటి నీళ్ల బావి దగ్గరా, పొలం గట్టు దగ్గరా కలిసే ఉంటాయని నమ్మకం ఏమిటి? ఆ మరుసటి యేడు మొదలైన ఒక చిన్న అలవాటును ఈ నేపథ్యంలో చూడాలి.

1728 మే 3 సాయంత్రం, అందరూ కూడి పాటలు పాడుకొనే సమావేశంలో, జింజెండార్ఫ్ మరుసటి రోజుకు గుర్తుంచుకోదగిన ఒక మాట ఇచ్చాడు. విచిత్రమేమంటే ఆ తొలి మాట బైబిలు వాక్యం కాదు, ప్రేమను గురించిన ఒక భక్తిగీతపు చరణం. తరువాత బైబిలు వాక్యాలు వచ్చాయి. ఆ మాటకు వారు పెట్టిన పేరు ‘లోజుంగ్’. సైనిక శిబిరంలో కాపలావాడు రాత్రివేళ ఎదురైనవారిని అడిగే సంకేతపదానికి జర్మన్ భాషలో ఉన్న పేరు అది. అది తెలిసినవాడు మనవాడు, తెలియనివాడు పరాయివాడు. సంకేతపదానికి మరో లక్షణం కూడా ఉన్నది. నిన్నటిది ఈ రోజు చెల్లదు.

ఆ మాట ఇళ్లకు చేరిన తీరు గమనించండి. అప్పటికి ఊరిలో ముప్ఫై రెండు ఇళ్లు. ఆ దినపు వాక్యాన్ని ఒకరో ఇద్దరో ప్రతి ఇంటికీ మోసుకొని వెళ్లేవారు. గుమ్మం దగ్గర చెప్పి వెళ్లిపోవడం కాదు. లోపల కూర్చుని, ఆ వాక్యం గురించి ఆ ఇంటివారితో మాట్లాడేవారు. అప్పుడు ఏమి జరిగి ఉంటుందో ఆలోచించండి. వాక్యం చెప్పడానికి ఒక ఇంటిలో కూర్చున్నవాడికి ఆ ఇంటిలో దగ్గు వినబడుతుంది. పొయ్యి వెలగలేదని కనబడుతుంది. భార్యాభర్తలు మాట్లాడుకోవడం లేదని అర్థమవుతుంది. నిన్న ఎవరితో తగవు పడ్డాడో ఈ రోజు వారి గుమ్మం కూడా ఎక్కవలసిందే, ఎందుకంటే ముప్ఫై రెండిళ్లలో అదీ ఒకటి. వాక్యం ఆ విధంగా కాళ్ల మీద నడిచి వచ్చింది. ఒక్కరు తమ గదిలో కూర్చుని చదువుకొంటే ఇది సాధ్యపడదు. దినవాక్యం అన్నది మొదట పుస్తకంగా పుట్టలేదు, పలకరింపుగా పుట్టింది. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికైనా హెర్న్‌హుట్ కథ చదవదగినదని మా అభిప్రాయం.

ఆ తరువాతి చరిత్ర క్లుప్తంగా చెప్పుకొందాం. 1731 సంవత్సరానికి సరిపడే వాక్యాలను మొదటిసారి పుస్తకంగా అచ్చు వేశారు. అప్పటి నుంచి ఒక్క యేడు కూడా తప్పకుండా అది వెలువడుతూనే ఉన్నది. నేడు యాభైకి పైగా భాషలలో వస్తున్నది. పాత నిబంధన నుంచి ముందే ఏరి ఉంచిన సుమారు 1,800 వాక్యాలకు సంఖ్యలు వేసి, యేటా హెర్న్‌హుట్‌లో చీట్లు తీసి, ఒక్కొక్క దినానికి ఒక్కొక్క వాక్యం నిర్ణయిస్తారు. అనువాదాలకు వ్యవధి కావాలి కనుక మూడేళ్ల ముందే ఈ పని జరుగుతుంది. దానికి పొందికగా క్రొత్త నిబంధన వాక్యాన్ని మాత్రం చీటీ వేసి కాక ఆలోచించి ఎంపిక చేస్తారు. ఒకటి మనిషి ఎంచుకోనిది, ఒకటి మనిషి ఎంచినది. రెండింటినీ పక్కపక్కన ఉంచడంలో ఒక వివేకం ఉన్నది. ఆ సంఘంవారు మన దేశానికీ కొత్తవారు కారు. లడఖ్‌లోని లేహ్ పట్టణంలో 1885 నుంచి వారి సంఘం ఉన్నది. హెర్న్‌హుట్ సహా వారి పాత గ్రామాలను ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చుకొన్న నిర్ణయం 2024 జులైలో మన న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలోనే వెలువడింది.

ఇప్పుడు ‘చీటీ’ దగ్గరికి వద్దాం. మన ప్రశ్న అంతా అక్కడే ఉన్నది.

చీటీ వేసి దైవసంకల్పం తెలుసుకోవాలన్న కోరిక మానవజాతి అంత పాతది. గ్రంథాన్ని కళ్లు మూసుకొని తెరిచి, వేలు పెట్టిన చోట ఉన్న పంక్తిని శకునంగా తీసుకొనే అలవాటు ఏ ఒక్క మతానిదో కాదు. క్రైస్తవ లోకంలో దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అగస్టీన్ మహాశయుడు. 386లో మిలాన్ నగరంలో ఒక తోటలో, తీరని మనోవ్యథలో ఉన్నప్పుడు, ఎక్కడి నుంచో ఒక పసివాడి గొంతు పుస్తకం తీసి చదవమన్నట్లు వినబడింది. పౌలు పత్రికలు తెరిచాడు. కళ్లు పడిన రోమా పత్రికలోని రెండు వాక్యాలు, విలాసాలను విడిచిపెట్టమని చెప్పేవి, అతని బతుకు దారి మార్చాయి. అంతటి అనుభవం పొందినవాడు తరువాత అందరినీ అలాగే చేయమని చెప్పి ఉంటాడనుకొంటాం. చెప్పలేదు. బిషప్పు అయిన తరువాత, సుమారు 400 ప్రాంతంలో రాసిన ఒక ఉత్తరంలో, సువార్త పుటలలో చీట్లు వేసి లౌకిక వ్యవహారాలకు జవాబులు వెదికే పద్ధతి తనకు నచ్చలేదని స్పష్టంగా రాశాడు. తేడా ఎక్కడ ఉన్నది? తోటలో అతనికి దొరికిన వాక్యం అతని నుంచి ఏదో అడిగింది. చీట్లు వేసేవారు వాక్యాన్ని తామే ఏదో అడుగుతున్నారు.

హెర్న్‌హుట్ వారు కూడా ఈ ఊబిలో దిగినవారే. ఆ కాలంలో వారు సంఘ నిర్ణయాలన్నింటికీ చీట్లు వేసేవారు. పెళ్లిళ్లకు కూడా! ఫలానా యువకుడికి ఫలానా యువతి తగునా అని అడిగి, ‘అవును’, ‘కాదు’, ఖాళీ అన్న మూడు చీటీలలో ఒకటి తీసేవారు. అలా కుదిరిన సంసారాలు బాగుండలేదని కాదు, ఎన్నో బాగున్నాయి. కాని ‘కాదు’ అన్న చీటీ వచ్చినప్పుడు విడిపోయిన మనసుల మాట ఏమిటి? చివరకు అసంతృప్తి పెరిగి, 1818లో జరిగిన మహాసభ సామాన్య సభ్యుల వివాహాలకు ఈ నియమాన్ని ఎత్తివేసింది. దినవాక్యపు చీటీ మాత్రం ఈ నాటికీ నిలిచింది. ఒక చీటీని వదిలి మరొక చీటీని ఉంచుకోవడంలో వారు ఎంత లోతుగా ఆలోచించారో మేము చెప్పలేము. ఫలితం మాత్రం సరైనది. మనిషి బతుకును నిర్ణయించే చీటీ పోయింది, మనిషి ఇష్టాన్ని అదుపులో ఉంచే చీటీ మిగిలింది.

ఈ రెండవ మాటను వివరించాలి. మనకు నచ్చిన వాక్యాలు మనందరికీ ఉంటాయి. దుఃఖంలో ఒకటి, భయంలో ఒకటి. తెరిచీ తెరిచీ పుస్తకం ఆ పుటల దగ్గరే విచ్చుకొంటుంది. ఎంపిక మన చేతిలో ఉంటే రోజూ మనల్ని ఓదార్చే మాటే చదువుతాం, మందలించే మాట వైపు పోము. అందుకే క్రైస్తవ సంఘాలలో అనేకం నిత్యపఠనానికి ఒక క్రమం ఏర్పాటు చేసుకొన్నాయి. కథోలిక సంఘం 1969లో ప్రకటించిన క్రమంలో ఆదివారపు పఠనాలు మూడేళ్లకు ఒకసారి, మామూలు రోజుల పఠనాలు రెండేళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. ఈ రోజు ఏ భాగం అన్నది చదివేవారి ఇష్టం కాదు. కోపంతో లేచిన రోజున క్షమను గురించిన భాగం రావచ్చు. లాభం వచ్చిన రోజున దానాన్ని గురించిన భాగం రావచ్చు. రాకపోవచ్చు కూడా. నిర్ణయం మనది కాదు అన్నదే ఇక్కడ సాధన.

వాగ్దానపు కార్డులలో ఉన్న చిక్కు ఇదే. పళ్లెంలో చేయి పెట్టేవారికి ఏ కార్డు వస్తుందో తెలియదు, నిజమే. కాని ఆ పళ్లెంలోకి ఏవి చేరాలో ముందే ఎంపిక జరిగిపోయి ఉంటుంది. అన్నీ తీపి మాటలే. ఆశీర్వాదం, అభివృద్ధి, శత్రువుల ఓటమి. కూలివాడి కూలి పొద్దు గూకకముందే ఇచ్చివేయమని, అతడు పేదవాడు, దాని మీదే ప్రాణం పెట్టుకొని ఉంటాడని ద్వితీయోపదేశకాండము ఇరవై నాలుగవ అధ్యాయం ఆదేశిస్తుంది. తూకంలోనూ కొలతలోనూ మోసం వద్దని లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయం శాసిస్తుంది. ఈ రెండు వాక్యాలూ అచ్చయిన వాగ్దానపు కార్డును మేము ఇంతవరకు చూడలేదు. ఎవరికైనా కనబడి ఉంటే ఆ కార్డు వేయించిన పాస్టరుగారికి మా నమస్కారం.

తీపి మాటలు కూడా చోటు తప్పి అచ్చయితే అర్థం మారిపోతుంది. యిర్మీయా గ్రంథం ఇరవై తొమ్మిదవ అధ్యాయంలో ఒక ప్రసిద్ధ వాక్యం ఉన్నది. మీ విషయమై నేను తలపెట్టినది మేలే కాని కీడు కాదని, మీకు ఒక భవిష్యత్తు ఉన్నదని దేవుడు చెప్పిన మాట అది. పరీక్షలకు వెళ్లే పిల్లల పుస్తకాలలోనూ, కొత్త దుకాణాల గోడల మీదా ఈ వాక్యం విరివిగా కనబడుతుంది. అయితే ఇది ఎవరికి చెప్పిన మాట? యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి పోయిన బందీలకు ప్రవక్త రాసిన ఉత్తరంలోని మాట. ఆ వాక్యానికి సరిగ్గా ముందు, విడుదలకు డెబ్భై యేళ్లు పడుతుందని ఉన్నది. అంటే ఆ ఉత్తరం విన్నవారిలో అధికులు స్వదేశం చూడకుండానే కన్నుమూస్తారు. ఇంకా పైన, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉన్నది. ఒక్క వాక్యాన్ని కత్తిరించి గోడకు తగిలిస్తే అది అదృష్టపు జాతకం. ఉత్తరమంతా చదివితే, తనను బాధించిన ఊరికి మేలు కోరుతూ ఓపికగా మొక్కలు నాటుకొమ్మనే కఠినమైన ఆజ్ఞ.

దినవాక్యాన్ని బతుకులో ఎలా నిలుపుకోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో రెండూ తెలిసిన ఒక మనిషి గురించి ఇక్కడ చెప్పాలి. డీట్రిష్ బోన్‌హోఫర్ జర్మనీలో లూథరన్ పాస్టరు. 1935 నుంచి 1937లో గెస్టపో మూయించేవరకు ఫింకెన్‌వాల్డ్ అనే చోట కాబోయే పాస్టర్లకు ఒక విద్యాలయం నడిపాడు. అక్కడ విద్యార్థులు రోజూ అరగంట సేపు ఒకే చిన్న భాగం మీద మౌనంగా మననం చేయాలి. పాండిత్యం కోసం కాదు, ప్రసంగం తయారీకి కాదు, తన కోసం. కొందరికి నిద్ర వచ్చేది, కొందరికి విసుగు పుట్టేది. హెర్న్‌హుట్ దినవాక్యాల పుస్తకం బోన్‌హోఫర్‌కు నిత్యం చేతిలో ఉండేది. అయినా 1939లో ప్రచురించిన తన పుస్తకంలో అతడే ఒక హెచ్చరిక చేశాడు. దినానికొక వాక్యం మంచిదే, కాని అది గ్రంథమంతా వరుసగా చదవడానికి బదులు కాజాలదు. ప్రేమించేవాడే ఇలా హెచ్చరించగలడు.

అతడున్న కాలం ఎటువంటిదో గుర్తు చేసుకోవాలి. 1933 నవంబరు 13న బెర్లిన్ క్రీడామందిరంలో జరిగిన ఒక భారీ సభలో, నాజీల పక్షాన చేరిన చర్చి నాయకుడు రైన్‌హోల్డ్ క్రౌజ్, యూదుల గ్రంథమైన పాత నిబంధనను చర్చి నుంచి తొలగించాలని ప్రసంగించాడు. హెర్న్‌హుట్ దినవాక్యం ఏ రోజుకు ఆ రోజు పాత నిబంధన నుంచే వస్తుందని పైన చెప్పుకొన్నాం. అంటే ఆ పన్నెండేళ్లూ, ఆ పుస్తకం ఉన్న ప్రతి ఇంటిలో, కాఫీ బల్ల దగ్గర, యూదుల ప్రవక్తల మాట ఒకటి ప్రతి ఉదయం చదవబడుతూనే ఉన్నది. మరి పొరుగు యూదుల కుటుంబాన్ని తీసుకుపోతున్నప్పుడు ఆ బల్లల దగ్గర నుంచి ఎందరు లేచారు? చాలా కొద్దిమంది. ఈ చేదు నిజాన్ని దాటవేసి నిత్యపఠనాన్ని పొగడడం న్యాయం కాదు. రోజూ చదవడం మనిషిని రక్షిస్తుందన్న హామీ ఏదీ చరిత్రలో లేదు. విని చేయనివాడు అద్దంలో తన ముఖం చూసుకొని, పక్కకు తిరగగానే అది ఎలా ఉన్నదో మరచిపోయేవాడి వంటివాడని క్రొత్త నిబంధనలో యాకోబు పత్రిక ఎప్పుడో చెప్పింది.

1938 నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనాలయాలను తగులబెట్టారు. చర్చిలు చాలావరకు మౌనంగా ఉన్నాయి. బోన్‌హోఫర్ తన బైబిలులో డెబ్భై నాలుగవ కీర్తన తీశాడు. దేశంలోని దేవుని మందిరాలన్నింటినీ వారు కాల్చివేశారని వాపోయే ఒక పంక్తి అందులో ఉన్నది. దాని కింద గీత గీచి, అంచున ఒక తేదీ వేశాడు: 9.11.38. వ్యాఖ్యానం లేదు. ఒక్క తేదీ. ఎన్నో శతాబ్దాల నాటి విలాపం నిన్న రాత్రి మన వీధిలో జరిగిందని ఆ అంకెలు చెబుతాయి. వాక్యాన్ని బతుకుకు అన్వయించడం అంటే ఏమిటో వివరించే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ తేదీ కంటే స్పష్టంగా చెప్పినది మాకు కనబడలేదు. ఆ కీర్తనలో అతడు తనకు రాబోయే మేలు వెదకలేదు. ఇతరులకు జరిగిన కీడును గుర్తుపట్టాడు.

1939 జూన్‌లో మిత్రులు అతనిని అమెరికాకు రప్పించారు. యుద్ధం రాబోతున్నది, న్యూయార్క్‌లో ఉద్యోగం సిద్ధం, ప్రాణం భద్రం. జూన్ 20న అతడు ఆ ఉద్యోగం వద్దన్నాడు. తాను ఎందుకు వద్దన్నాడో తనకే పూర్తిగా అర్థం కావడం లేదని దినచర్యలో రాసుకొన్నాడు. జూన్ 24 దినవాక్యం యెషయా గ్రంథం నుంచి వచ్చింది. జర్మన్ అనువాదంలో దాని భావం, నమ్మినవాడు పారిపోడు అని. జూన్ 26న చదువుకొంటూ ఉండగా, శీతకాలం రాకముందే వచ్చేయమని తిమోతిని పౌలు కోరిన మాట కంటబడింది. అది రోజంతా అతనిని వదలలేదు. ఆ మాట తనకే చెప్పినట్లు తీసుకొంటే గ్రంథాన్ని దుర్వినియోగం చేసినట్లు కాదని రాసుకొన్నాడు. తేదీల వరుస గమనించండి. నిర్ణయం ముందు, వాక్యాలు తరువాత. అతడు చీటీ వేసి వెనక్కు వెళ్లలేదు. మనస్సాక్షితో కుస్తీ పడుతున్నవాడి దగ్గరికి వాక్యం వచ్చి, నువ్వు తప్పించుకోవడానికి వెదుకుతున్న తలుపు ఇది కాదని నిలిచింది. శకునం సాధారణంగా మనకు కావలసినదే చెబుతుంది. అతనికి వచ్చిన మాట ప్రాణభయం ఉన్న చోటికి పంపింది. జులైలో ఓడ ఎక్కాడు.

ఆ తరువాత హిట్లర్‌ను తొలగించే కుట్రలో భాగమై, 1943 ఏప్రిల్‌లో అరెస్టయి, బెర్లిన్ టేగెల్ జైలులో పడ్డాడు. 1944 జులై 20న హిట్లర్‌పై జరిగిన బాంబు ప్రయత్నం విఫలమైంది. ఇక తనవారెవరూ మిగలరని తెలిసిన రోజు. ఆనాటి దినవాక్యం, రథాలను గుర్రాలను నమ్ముకొనేవారికీ దేవుని నామాన్ని నమ్ముకొనేవారికీ ఉన్న తేడా చెప్పే ఇరవయ్యవ కీర్తనలోనిది. మర్నాటిది కాపరిని గురించిన ఇరవై మూడవ కీర్తన మొదటి మాట. జులై 21న మిత్రుడు బేట్గెకు రాసిన ఉత్తరంలో ఆ రెండు రోజుల వాక్యాలను తలచుకొన్నాడు. అవి ఎప్పుడో, ఏ రాజకీయమూ తెలియని చేతులు హెర్న్‌హుట్‌లో చీటీ తీసి ఉంచినవి. అవి విజయాన్ని వాగ్దానం చేయలేదు, అతనికి విజయం రానూ లేదు. 1945 ఏప్రిల్ 8 ఆదివారం, షోన్‌బర్గ్ అనే గ్రామంలోని బడిలో, తోటి ఖైదీలు కోరగా ఆ దినపు వాక్యాల మీద చిన్న ప్రసంగం చేశాడు. ఒకటి, ఇతరుల కోసం గాయపడినవాడిని గురించిన యెషయా వాక్యం. రెండవది, సజీవమైన నిరీక్షణను గురించిన పేతురు పత్రికలోని మాట. ప్రార్థన ముగిసీ ముగియకముందే అతనిని పిలిచారు. మరునాడు ఫ్లోసెన్‌బర్గ్‌లో ఉరితీశారు.

ఇంత గొప్ప కథ చెప్పి సామాన్య గృహస్థులను భయపెట్టడం మా ఉద్దేశం కాదు. అందరికీ అటువంటి పరీక్షలు రావు. రావలసిన అవసరమూ లేదు. హెర్న్‌హుట్ ముప్ఫై రెండు ఇళ్లవారికి వచ్చిన పరీక్ష అంతకంటే చిన్నది, బహుశా మనకు అంతకంటే దగ్గరిది. మాట్లాడడం మానేసిన పక్కింటివారి గుమ్మం ఎక్కడం. క్రైస్తవ మఠాలలో ఆరవ శతాబ్దం నుంచి, బెనెడిక్ట్ నియమావళి ప్రకారం, చేతిపనికి కొన్ని గంటలు, పఠనానికి కొన్ని గంటలు ఒకే అధ్యాయంలో నిర్దేశించారు. చదువూ పనీ వేరు వేరు గదులలో ఉండరాదన్న తెలివి అందులో కనబడుతుంది. పన్నెండవ శతాబ్దంలో గీగో అనే సన్యాసి పఠనాన్ని నాలుగు మెట్ల నిచ్చెనతో పోల్చాడు: చదవడం, మననం, ప్రార్థన, ధ్యానం. శ్రవణ మనన నిదిధ్యాసనల పేర్లు విన్న మన పాఠకులకు ఆ నిచ్చెన కొత్తగా అనిపించదు. అయితే నిచ్చెన ఎక్కినవాడు కిందికి దిగి పొయ్యి వెలిగించుకోవాలన్నది గృహస్థుడికి ఎవరూ చెప్పనక్కరలేని సంగతి.

ఇప్పుడు మన ఊళ్లోని ఒక క్రైస్తవ గృహాన్ని ఊహించుకొందాం. ఇంటాయన చిన్న కాంట్రాక్టరు. ఇల్లాలు ఆసుపత్రిలో నర్సు. ఉదయం ఆరు గంటలకు కుటుంబ ప్రార్థన. ఎవరో పంపిన దినవాక్యం సెల్‌ఫోనులో వచ్చి ఉంటుంది. పువ్వుల బొమ్మ, ఉదయిస్తున్న సూర్యుడు, కింద రెండు పంక్తులు. ఆయన దానిని మరో నలభై మందికి పంపించి, చేతులు జోడించిన బొమ్మలు నలభై అందుకొంటాడు. హెర్న్‌హుట్‌లో వాక్యం మోసినవాడు ముప్ఫై రెండు ఇళ్లలో కూర్చున్నాడు. ఈయన నలభై మందికి వాక్యం మోశాడు గాని ఏ ఇంటిలోనూ దగ్గు వినలేదు. ఆ నలభై మందిలో ఒక్కరింటికి సాయంత్రం వెళ్లి పలకరిస్తే ఎలా ఉంటుంది? ఇల్లాలి సంగతి వేరు. రాత్రి డ్యూటీలో, పదోసారి గంట కొట్టిన ముసలి రోగి మంచం దగ్గరికి విసుక్కోకుండా నడిచేటప్పుడు ఆమెకు ఉదయపు వాక్యం గుర్తుండవచ్చు, ఉండకపోవచ్చు. నడిచింది కదా, అది చాలు.

ఒక ఉదయం, తీపి మాటల పళ్లెంలో ఎన్నడూ కనబడని ఆ ద్వితీయోపదేశకాండపు వాక్యం ఆ ఇంటికి వచ్చిందనుకోండి. కూలివాడి కూలి పొద్దు గూకకముందు. కాంట్రాక్టరుగారి దగ్గర శనివారం ఇవ్వవలసిన డబ్బు ‘బిల్లు రాలేదు, సోమవారం చూద్దాం’ అని ఆగి ఉన్నది. తాపీపని ముఠాలో ఏడుగురు. వారిలో ఎవరు ఏ మతంవారో ఆయనకు తెలియదు, వాక్యం కూడా అడగలేదు. బైబిలు మూసి, ఒక క్షణం ఆలోచించి, ఆయన అంచున పెన్సిలుతో ఆ రోజు తేదీ వేస్తాడు. సాయంత్రం అయిదున్నరకు పనిచోటికి వెళ్లేసరికి ముఠా మేస్త్రి పారలు కడుగుతూ ఉంటాడు. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు.